ఖాళీగా ఉండే మనిషి ఆకలి

ఉడికిన గుడ్లు వలుస్తున్నాను. నాలుగు మా ఆయనకి, ఒకటి నాకు. నా గుడ్డులో పచ్చసొన తీసేసి తినమన్నారు కాబట్టి నిజానికి నా వంతు ముప్పాతిక గుడ్డే. తీసేసిన పచ్చసొన పారేస్తే పాపమని ఆయనే నోట్లో వేసుకుంటారు. నా పాపాలన్నీ ఆయన అలాగే నమిలి మింగేస్తుంటారు. "నీకు అదే ఎక్కువ, ఇంట్లో ఉండేదానివి కదా" అంటూ నా పక్కనే నిలబడి, నేను వలిచిన గుడ్డు మీద ఉప్పు చల్లుకుని, చల్లిన ఉప్పులో సగం నేల మీద పోసి ఆఫీసుకి వెళ్ళిపోతారు.

ఇదంతా ఒక ఫోటోతో మొదలైంది. అత్తగారి పుట్టినరోజుకి అందరం వరసగా నిలబడితే ఫోటో తీస్తున్న మా ఆడపడుచు, "వదినా, నువ్వు కాస్త పక్కకి తిరిగావంటే మేమందరం పడతాం" అంది. తిరిగాను. ఆ ఫోటోలో నా చెవీ, భుజమూ వచ్చాయి. కేకు చేసిన చేతులు కూడా రాలేదు. ఆ వారమే మా ఆయన వీధి చివర వ్యాయామశాలలో ఇద్దరినీ చేర్పించారు. జంటగా చేరితే రెండో మనిషికి సగం రుసుమట. ఆ రెండో మనిషి ఎవరో చెప్పక్కర్లేదు. "నీ కోసమే చేరుతున్నా, నాకేం అవసరం" అని కూడా అన్నారు, పొట్ట లోపలికి పీల్చి.

అక్కడి కోచ్ మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడుతుంటుంది. అందుకే అందరూ ఆవిణ్ణి ఈలమ్మ అంటారు, ఆవిడా పలుకుతుంది. మొదటిరోజు మా ఇద్దరినీ బల్ల ముందు కూర్చోబెట్టి, ఎత్తూ బరువూ వయసూ అడిగి, చేతిలో ట్యాబ్ తెరిచింది. అందులో మూడు బొమ్మలు. ఒక కుర్చీ, ఒక జత బూట్లు, ఒక పార. మనం రోజంతా చేసే పనిని బట్టి ఒక బొమ్మ నొక్కితే, ఎంత తినాలో అదే లెక్కకడుతుందట.

"సార్, మీరు రోజంతా ఏం చేస్తుంటారు?"

"ఆఫీసంతా నా మీదే నడుస్తోందండీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే పరుగు. నిలబడి నీళ్ళు తాగే తీరిక ఉండదు."

ఈలమ్మ ఆయన వంక జాలిగా చూసి పార నొక్కింది.

"మేడం, మీరు?"

నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు. "ఆవిడ ఇంట్లో ఖాళీగానే ఉంటుందండీ."

ఈలమ్మ కుర్చీ నొక్కింది. ఆయనకి రోజుకి రెండువేల ఎనిమిది వందల కేలరీలు, నాకు పన్నెండు వందలు.  ఖాళీ అన్న మాట నాకు కొత్త కాదు మరి. పక్కింటావిడ అడిగినా, ఫోన్లో మా అమ్మ అడిగినా, "ఏం చేస్తున్నావు" అంటే ఒక చేత్తో కుక్కర్ మూత తీస్తూ "ఏమీ లేదు, ఖాళీనే" అని నేనే చెప్పేదాన్ని.

మాది రెండంతస్తుల ఇల్లు. వంటిల్లు కింద, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు పైన. కింద ఉండమంటే కిటికీలోంచి వీధి కనబడదని ఆవిడ ఒప్పుకోలేదు. మంచం పక్కన ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా పెట్టుకుని ఉంటారు. టంగ్ అని ఒకసారి కొడితే మంచినీళ్ళు. రెండుసార్లు కొడితే మాత్ర. ఆగకుండా కొడితే టీవీ రిమోట్ మంచం కిందకి వెళ్ళిందని అర్థం. ఇది కాక తడిబట్టల బకెట్ డాబా మీదికి, ఆరిన బట్టలు కిందికి, నీళ్ళ క్యాను వాకిట్లోంచి వంటింట్లోకి. మా అమ్మాయి స్కూలు సంచి కూడా నేనే బస్సు దాకా మోస్తాను, ఆ పిల్లకి నడుము వంగిపోతుందని. నా నడుము సంగతి ఎవరూ ఎత్తరు. అదెప్పుడూ వంగే ఉంటుంది కాబట్టి దాని సహజ రూపం అదే అనుకున్నారేమో.

వ్యాయామశాలలో మెట్ల మిషన్ అని ఒకటుంది. ఎంత ఎక్కినా ఎక్కడికీ వెళ్ళం. మిగతావాళ్ళు దాన్ని తిట్టుకుంటూ ఎక్కేవాళ్ళు గానీ నాకు మాత్రం మహా హాయిగా ఉండేది. చేతిలో ట్రే ఉండదు, పైన అత్తగారు ఉండరు. అయితే నేను మనసు పారేసుకున్నది దాని మీద కాదు, ఇనుప కడ్డీ మీద. ఒకరోజు ఈలమ్మ కడ్డీకి రెండువైపులా చక్రాలు తొడిగి, నడుము నిటారుగా పెట్టి నేల మీంచి ఎత్తమంది. ఎత్తాను. ఇంకో జత తొడిగింది. ఎత్తాను. "ఇంతకుముందు ఎక్కడైనా చేశారా మేడం?" అంది. "లేదండీ, ఇంట్లో ఖాళీగానే ఉంటాను" అన్నాను. కడ్డీ దించి నిలబడితే ఒళ్ళంతా నవ్వినట్టయింది. ఇంట్లో నేను ఎత్తే ప్రతి బరువూ ఎవరిదో ఒకరిది. ఎత్తగానే, అక్కడ కాదు ఇక్కడ పెట్టు అనే గొంతు ఒకటి ఉంటుంది. ఈ కడ్డీ ఎవరిదీ కాదు. ఎత్తిన చోటే దించితే చాలు. అంత సంతోషం నాకు పెళ్ళయ్యాక ఎప్పుడూ కలగలేదు.

ఈలమ్మ దగ్గర ఒక ఆచారం ఉంది. తమ ఒంటి బరువంత కడ్డీ ఎత్తినవాళ్ళకే ఆవిడ ఈల వేస్తుంది. అప్పుడు అందరూ చేసేది ఆపేసి చప్పట్లు కొట్టాలి. మామూలు రోజుల్లో ఆ ఈల మెడలో ఊరికే ఊగుతుంటుంది. ఆ ఈల ఒక్కసారి నా కోసం మోగాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది. ఇంట్లో చెబితే మా ఆయన నవ్వారు. "నువ్వు తగ్గుతున్నావుగా, ఎత్తాల్సిందీ తగ్గుతుంది. ఇంకాస్త తిండి తగ్గించు, తేలికైపోతుంది." ఆయన లెక్క ప్రకారం నేను పూర్తిగా తినడం మానేస్తే గాల్లో చెయ్యి ఊపినా ఈల వేస్తారు.

తగ్గుతున్న మాట నిజమే. ఆకలేస్తున్న మాట ఇంకా నిజం. ఆకలి రుచి ఎరగదు అంటారు గానీ నా ఆకలి అసలు తిండికీ తిండి కానిదానికీ తేడా ఎరగకుండా పోయింది. కొబ్బరి వాసన సబ్బుతో స్నానం చేస్తుంటే నోరూరింది. మా అమ్మాయి రబ్బరుకి స్ట్రాబెర్రీ వాసన వస్తే చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను, ఆ పిల్ల భయపడి లాక్కుంది. ఆకలేస్తే ముందు నీళ్ళు తాగమని ఈలమ్మ సలహా. తాగి తాగి, మెట్లెక్కుతుంటే పొట్టలో నీళ్ళు తొణికే చప్పుడు నాకే వినిపించేది. "మా రోజుల్లో ఆకలన్న మాట ఆడదాని నోట వినలేదమ్మా" అన్నారు అత్తగారు. అని, నేను సగం మెట్లు దిగేసరికి టంగ్ మని కొట్టారు. బిస్కెట్లు మర్చిపోయానట. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదంటారు. మా ఇంట్లో వడ్డించేది నేనే, కడబంతీ నాదే, మరి ఆ సామెత నా దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పనిచేయదో తెలియదు. ఆయన మూడుసార్లు మారు వేయించుకుంటారు. నా కంచానికి మారు అన్న మాటే తెలియదు.

పార పట్టినవాడి తిండి కదా, ఆయన కొంచెం కొంచెంగా విస్తరించారు. ఒకరోజు భోజనాల దగ్గర చొక్కా గుండీ ఎగిరి సూపు గిన్నెలో పడింది. "ఇదంతా కండ" అన్నారు. నేను గరిటెతో గుండీ తీసి కడిగి మళ్ళీ కుట్టాను. దారం సూదిలోకి ఒక పట్టాన ఎక్కలేదు, సూది కన్ను రెండుగా కనబడింది.

ఆ మర్నాడే కడ్డీ నా మాట వినలేదు. పోయిన నెల రెండు చేతులతో అలవోకగా ఎత్తిన బరువు. వంగాను, పట్టాను, లాగాను. నేలకి అంటుకుపోయింది. మళ్ళీ లాగాను. కళ్ళముందు నల్లగా అయి, ఎక్కడున్నానో తెలిసేసరికి ఈలమ్మ నన్ను గోడకి ఆనించి అరటిపండు ఒలుస్తోంది. నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తిరిగినందుకు కాదు. కడ్డీ లేవనందుకు.

"పొద్దున్నుంచి ఏం చేశారు మేడం?"

"ఏమీ లేదండీ."

"ఏమీ లేదంటే ఏంటి? లేచిన దగ్గర్నుంచి చెప్పండి."

అరటిపండు తింటూ చెప్పాను. లేచి నీళ్ళ క్యాను లోపల పెట్టాను, ముగ్గురికి మూడు రకాల టిఫిన్లు చేశాను, అత్తయ్యకి పైకి పట్టికెళ్ళాను, కిందికొచ్చాను, మాత్ర మర్చిపోయానని మళ్ళీ ఎక్కాను, గిన్నెలు తోమాను, ఇల్లు తుడిచాను, దుప్పట్లు చేత్తో ఉతికాను మిషన్ పాడైందని, డాబా మీద ఆరేశాను, చినుకులు పడుతున్నాయని పరుగెత్తి తీశాను, చినుకులు ఆగాయని మళ్ళీ ఆరేశాను, ఈ మధ్యలో రిమోట్ రెండుసార్లు మంచం కిందకి వెళ్ళింది. చెబుతూ చెబుతూ ఈలమ్మ ముఖం చూసి ఆగిపోయాను. ఆవిడ ట్యాబ్ తెరిచి నా పేరు పక్కనున్న కుర్చీ బొమ్మని అదే పనిగా చూస్తోంది.

"మీరు ఖాళీ అన్నారు కదా మేడం. ఖాళీ అంటే నేను కుర్చీ నొక్కాను."

"అందరూ అలాగే అంటారండీ."

"మరి సార్ పరుగన్నారు. ఆయన ఎక్కడ పరిగెడతారు?"

"ప్రింటర్ దాకా."

"ఎంత దూరం?"

"తెలీదండీ. వాళ్ళాఫీసు కుర్చీకి చక్రాలున్నాయి. లేవకుండానే వెళ్ళొస్తానని చెబుతుంటారు."

ఈలమ్మ ఆలోచిస్తూ ఈల నోట్లో పెట్టుకుంది. నవ్వు ఆపుకోలేక నవ్వితే అది కీచుమని మోగింది. హాలంతా పని ఆపి చప్పట్లు కొట్టింది. "ఇది లెక్కలోకి రాదు" అని అందరికీ చెప్పి, నా కుర్చీ తీసేసి పార పెట్టింది. ఆయన పార తీసేసి కుర్చీ పెట్టింది. నా చేతిలో రెండో అరటిపండు పెట్టి, "పని చేసే ఒంటికి తిండి పెట్టకపోతే అది ఎత్తదు మేడం, ఎండుతుంది" అంది.

ఇంటికి నడుస్తూ ఖాళీ అన్న మాట గురించే ఆలోచించాను. గిన్నెలో ఏమీ లేకపోతే గిన్నె ఖాళీ. గదిలో మనిషి లేకపోతే గది ఖాళీ. మనిషి ఉండి, ఆ మనిషి కాలు నిలవకుండా తిరుగుతుంటే, ఆవిణ్ణి ఖాళీ అని ఎలా అంటారు? ఆయన అన్నందుకు కోపం వచ్చింది. అంతకంటే, ఆ మాట నా నోటికి అంత తేలిగ్గా వచ్చేదన్నందుకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఖాళీగా ఉన్నది నా కడుపు ఒక్కటే.

కొత్త లెక్క చూసి మా ఆయన మండిపడ్డారు. నాలుగు గుడ్లు రెండయ్యాయి, మూడుసార్ల మారు వడ్డన సున్నా అయింది. "ఆ ఈలమ్మకేం తెలుసు, నిన్నగాక మొన్న పుట్టింది. కుర్చీలో కూర్చుని బుర్ర వాడితే కేలరీలు కరగవా?" అన్నారు. ఇంట్లో మెట్లున్నాయిగా, రోజూ ఎక్కి దిగమందట ఈలమ్మ. మెట్లు అనేసరికి ఆయనకి ఎక్కడలేని మోకాళ్ళ నొప్పి వచ్చింది. వంశంలోనే ఉందట.  నా కంచంలో గుడ్లు పచ్చసొనతో సహా పెట్టుకుని తిన్నాను. "మళ్ళీ ఒళ్ళు చేస్తావు" అన్నారు. చేశాను. కొంచెం బరువు పెరిగాను, ఎత్తాల్సిందీ పెరిగింది. అయినా కడ్డీ నేల వదిలి ఒక్కో వారం ఒక్కో జత చక్రాలు ఎక్కువగా లేవసాగింది.

ఈవేళ ఆదివారం. మోకాళ్ళు నొప్పని ఆయన రాలేదు. ఈలమ్మ నన్ను తూచి, కడ్డీకి సరిగ్గా అంత బరువు తొడిగి, చేతులు కట్టుకుని నిలబడింది. వంగాను. అరచేతుల్లో ఇనుము చల్లగా తగిలింది. మోకాళ్ళ దాకా వచ్చేసరికి ఆగిపోతుందేమో అనుకున్నాను, ఆగలేదు. నిటారుగా నిలబడ్డాను, నా అంత బరువూ నా చేతుల్లో. ఎప్పుడూ అందరి బరువూ మోసిన దాన్ని, నా బరువెంతో మొదటిసారి తెలిసింది. అప్పుడు ఈల వేసింది ఈలమ్మ, చెవులు దిమ్మెక్కేలా. ఈసారిది లెక్కలోకి వచ్చే ఈలే.

ఇంటికొచ్చేసరికి ఆకలి దంచేస్తోంది. పొద్దున్నే వండిపెట్టిన అన్నం, కూర బల్ల మీదే ఉన్నాయి. ఆయన సోఫాలో ఫోను చూసుకుంటూ, "వచ్చావా, వడ్డించు" అన్నారు. ఒక్క కంచం తెచ్చుకున్నాను. నిండుగా వడ్డించుకుని కూర్చుని, వేడి చేసుకోవడం కూడా దండగని అలాగే కలుపుకున్నాను. మూడో ముద్ద నోట్లో ఉండగా పైన టంగ్ మంది. కాసేపాగి మళ్ళీ టంగ్. ఆ తర్వాత ఆగకుండా.

"అమ్మ పిలుస్తోంది" అన్నారు ఆయన, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

నమలడం పూర్తిచేసి, నీళ్ళు తాగి, అప్పుడు చెప్పాను. "వినబడింది. మీరు ఖాళీగానే ఉన్నారుగా."

ఆయన తల ఎత్తారు. నన్ను చూశారు, కంచాన్ని చూశారు, మెట్ల వైపు చూశారు. పైన గ్లాసు మోగుతూనే ఉంది. సోఫా కిర్రుమంది. ఒక్కో మెట్టూ ఆయాసపడుతూ ఎక్కుతున్న చప్పుడు వింటూ నేను మారు వడ్డించుకున్నాను.