నూట అరవై అక్షరాల్లో

షైనీకి ఆ పని ఒప్పుకోవాలని లేదు. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రికి పోయే వీధిలో డీటీపీ సెంటరు పెట్టి ఆమెకు పన్నెండేళ్లయింది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఈమధ్య వెబ్‌సైట్లకు కావలసిన రాతలు, అన్నీ ఆమె చేతి మీదుగానే పోయేవి. 'నాణ్యతకు మారుపేరు' అన్న మాట ఎన్నిసార్లు కొట్టిందో లెక్కలేదు. వేళ్లు కదిలేవి గానీ మనసు కదిలేది కాదు. సాయంత్రానికి మెడ పట్టేసేది.

2009 ఫిబ్రవరిలో పుంగనూరు నుంచి ముద్దుకృష్ణ వచ్చాడు. టమోటా నారు పెంచి రైతులకు అమ్మే నర్సరీ ఆయనది. కుప్పంలోనూ ఒక బ్రాంచి తెరిచాడు. బెంగుళూరు వాళ్లతో వెబ్‌సైటు చేయించాడు. నాలుగు వేల మంది రైతుల ఫోన్ నంబర్లు సంపాదించి, తన నారును పొగుడుకుంటూ రోజుకు మూడుసార్లు మెసేజీలు పంపాడు.

"వెబ్‌సైటు మొగం సూసేవాడు లేడు. మెసేజీ పంపితే ఫోన్ జేసి తిడతాండారు షైనమ్మా. నువ్వు రాస్తే సదువుతారంట గదా. ఏమన్నా గట్టిగా రాసిపెట్టు."

కాదనబోయి ఆగింది షైనీ. "వాళ్లకేం కావాలో తెల్దు. గట్టిగా రాసి ఏం లాభమన్నా? నాలుగు రోజులు మీ ఫోన్ కాడ కూర్చోనీ. ఆనెంక చెప్తా."

నాలుగు రోజులు పొద్దున్నే బస్సెక్కి పుంగనూరు పోయింది. నర్సరీ ఆఫీసంటే రేకుల గది. వచ్చిన ప్రతి ఫోనూ తనే ఎత్తి, రైతు అడిగిన మాటను అడిగినట్టే నోట్‌బుక్కులో రాసుకుంది. నారు తెచ్చిన రోజే నాటాలా, ఒకరోజు నీడలో పెట్టాలా? ఉప్పునీళ్ల బోరుకు ఏ రకం తట్టుకుంటుంది? కుప్పానికి వ్యాను ఏ రోజు వస్తుంది? నర్సరీ గొప్పతనం గురించి ఒక్కరూ అడగలేదు.

ఐదో రోజు ఆ నోట్‌బుక్కు ముద్దుకృష్ణ ముందు పెట్టి, ఇకమీద ఎలా పంపాలో చెప్పింది. వారానికి రెండే మెసేజీలు. మదనపల్లె పక్కవాళ్లకు ఒకటి, కుప్పం వాళ్లకు ఒకటి, ఎందుకంటే అక్కడి పంటలు వేరు, నీళ్లు వేరు. రైతుల ఫోన్లలో తెలుగు అక్షరాలు కనబడవు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు, అదీ ఒక మెసేజీలో పట్టే నూట అరవై అక్షరాలు దాటకుండా. పంపేది సాయంత్రం, బడి నుంచి పిల్లలొచ్చి చదివిపెట్టే వేళకు. వెబ్‌సైటులో రైతుల ప్రశ్నలు, కింద జవాబులు.

"మన పేరే ల్యాకపాయె గదమ్మా ఇందులో!"

"అడుగున ఉండాది సూడన్నా. అంతే సాలు."

అయిష్టంగానే ఒప్పుకున్నాడు. నెల తిరిగేసరికి తిట్లు ఆగిపోయాయి. 'మెసేజీలో చెప్పినట్టే ఒకరోజు నీడలో పెట్టినాం, నారు నిలబడింది' అని చెప్పడానికే కొందరు ఫోన్ చేశారు. షైనీకి సంతోషం కన్నా ఆశ్చర్యం ఎక్కువయింది. తన రాత ఒకరికి పనికొచ్చిందని వినడం ఆమెకు కొత్త.

ఏప్రిల్ మొదట్లో, షైనీ నర్సరీకి వచ్చిన రోజునే, కుప్పం దగ్గర పల్లె నుంచి మునెప్ప అనే రైతు ఫోన్ చేశాడు.

"అమ్మా, పోయిన వారం మీకాడ తెచ్చిన నారు ఆకులు మడిసికపోతాండాయి. ముడతేమో సూసి చెప్పు తల్లీ."

మధ్యాహ్నంలోగా మరో ముగ్గురు అదే మాట అన్నారు. షైనీ నారు పెంచే షేడ్ నెట్ కిందికి పోయి చూసింది. ఒక మూల వల చిరిగి ఉంది. ఆ పక్కన మిగిలిన నారు ట్రేలను కదిపితే, ముడత తెగులు అంటించే తెల్లదోమ పొట్టులా లేచింది.

ముద్దుకృష్ణ మొహం నల్లబడింది. "ఎండలకు ఆకులు ముడుసుకుంటాయి, తగ్గిపోతాదని రాయి."

"ఎండకు కాదని నీకూ తెలుసన్నా."

"మన నోటితో మనమే చెప్పుకొని మునిగిపోదామా? యాల రాయవు? రాయడమే గదా నీ పని!"

ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. పన్నెండేళ్లుగా ఎవరేం రాయమంటే అది రాసింది. ఇదొక్కటీ రాసేసి బస్సెక్కితే ఇంటికి పోయి పడుకోవచ్చు. ఎదురు చెప్పే ఓపిక కూడా లేదు నిజానికి.

"అడగండి, చెప్తామని రెండు నెల్లుగా రాసినాం. ఇప్పుడు అడగతాండారు. అబద్ధం నేను రాయలేనన్నా, వేరేవాళ్లతో రాయించుకో" అంది మెల్లగా.

ఆయన విసురుగా బయటికి పోయి వేపచెట్టు కింద చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చేసరికి ఆమె మెసేజీ కొట్టి ఉంచింది. పోయిన వారం ఇచ్చిన నారులో ముడత ఉంది, నాటొద్దు, నాటి ఉంటే పీకేయండి, బదులు కొత్త నారు ఇస్తాం. ఆయన చివరి మాట చెరిపేశాడు. ఆమె మళ్లీ కొట్టింది. రెండోసారి ఆయన చెరపలేదు. ఆ వారం నారు తీసుకున్న వాళ్లందరికీ తనే బటన్ నొక్కి పంపాడు.

మర్నాడు కుప్పం బ్రాంచి ముందు జనం. షైనీ కూడా వెళ్లింది. దున్నిన కూలి ఎవరిస్తారని ఒకరు, అదును పోయిందని ఒకరు. తిట్లన్నీ ముద్దుకృష్ణ తలొంచుకుని పడ్డాడు. పీకిన నారును సంచిలో తెచ్చిన మునెప్ప మాత్రం తిట్టలేదు. "చెప్పకపోయింటే ఎరువు గూడా ఏసేవాణ్ణి" అని, కొత్త ట్రేలకు పేరు రాయించుకుని పోయాడు.

ఆ సీజను దెబ్బతిన్నది. మదనపల్లె పక్కవాళ్లు సగం మంది వేరే నర్సరీలకు పోయారు. ముద్దుకృష్ణ మూడు వారాలు షైనీతో మాట్లాడలేదు. ఆమె మళ్లీ పెళ్లిపత్రికలు కొట్టుకుంది. మెడనొప్పికి ఆసుపత్రిలో కట్టు వేయించుకుంది.

జూన్‌లో తొలి వానలు పడ్డాక ఆయన ఫోన్ చేశాడు. కుప్పం వాళ్లు చాలామంది తనతోనే నిలబడ్డారట. ఈసారి బంతి నారు ఇస్తారా అని అడుగుతున్నారట.

"రైతులు అడిగింది అడిగినట్టే రాసిపెట్టినానమ్మా. నా రాత నాకే అర్థం కాలేదు. ఒకసారి వచ్చి సూస్తావా?"

"రేపు రాలేనన్నా. ఎల్లుండి వస్తా" అంది షైనీ. ఫోన్ పెట్టేసి, సగంలో ఆపిన పెళ్లిపత్రిక మీద పెళ్లికూతురి పేరు సరిచూడసాగింది.