గుడ్డ తలుపు

శాటిన్ పట్టీ మీద 'కన్నీటి' వరకు కుట్టడం పూర్తయింది. 'రాణి' మిగిలింది. అక్క దారాన్ని పంటితో తెంపి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, అక్షరాలు వంకర పోయాయేమోనని పట్టీని కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. పోలేదు. పోయుంటే బాగుండుననిపించింది.

అది నాటక సమాజం హాలు వెనక దుస్తుల గది. గోడ పొడవునా కొక్కేలకు దొర కోటు, ఖైదీ చొక్కా, చనిపోయిన తల్లి వేషానికి వేసే తెల్లగౌను వేలాడుతున్నాయి. ఆ సమాజం పాతకాలపు ఏడుపుగొట్టు నాటకాలు తప్ప మరొకటి ఆడదు. పాపం పండాలి, తప్పిపోయిన బిడ్డ దొరకాలి, చూడవచ్చినవాళ్ళ రుమాళ్ళు తడవాలి. వారమంతా ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టే అక్క, ఆదివారం వచ్చి ఈ బట్టల సంగతి చూస్తుంది. పొట్టి మనిషి. వెడల్పాటి దవడ, ఎప్పుడూ కాస్త ఉబ్బి ఉండే కింది కనురెప్పలు. ఊళ్ళో అందరూ ఆమెను అక్కనే అంటారు. ఎవరి అక్కో చెప్పక్కర్లేదు, సమాజం హీరోయిన్‌కి అక్క.

కుట్టడం కాక ఆమెకు ఇంకో పని ఉంది. సమాజంలో నలుగురైదుగురికి తప్ప అది ఎవరికీ తెలియదు. చెల్లెలికి ఏడవడం రాదు. అందం ఉంది, పొడుగాటి మెడ ఉంది, మాట కంచు మోగినట్టుంటుంది. ఏడిస్తే మాత్రం ఎక్కిళ్ళు వచ్చినట్టుంటుంది. మొట్టమొదటి ప్రదర్శనలో కుప్పకూలి ఏడ్చే చోట హాలు హాలంతా పగలబడి నవ్వింది. ఆ మర్నాటి నుంచి ఏర్పాటు మారింది. నాటకం ఏదైనా సరే, చెల్లెలు చివరికి, చట్రానికి బిగించి రంగేసిన ఒక గుడ్డ తలుపు ముందే కూలుతుంది. ఇప్పటి నాటకంలో జైలు నుంచి వచ్చిన తల్లిని సొంత కూతురే గుర్తుపట్టక, బిచ్చగత్తె అనుకుని రొట్టెముక్క ఇచ్చి తలుపేసుకుంటుంది. తల్లి వేషంలో ఉన్న చెల్లెలు ఆ తలుపుకి వీపు ఆనించి, మొహం చేతుల్లో దాచుకుని భుజాలు కదిలిస్తుంది. తలుపు వెనక పీట మీద కూర్చున్న అక్క ఏడుస్తుంది. ఇద్దరి మధ్యా ఉండేది ఒక్క గుడ్డ.

ఏడుపు అక్కకు కొత్త కాదు. చిన్నప్పుడు అమ్మ కొడితే చెల్లెలు గోడలా నిలబడేది, అక్కే ఏడ్చేది. దెబ్బలు ఒకళ్ళవి, రాగాలు ఒకళ్ళవి అని ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు. ఆ అమ్మే పోయిన రోజున అక్క గొంతు పోయేలా ఏడ్చింది. వచ్చినవాళ్ళు మాత్రం ఆమెను దాటుకుంటూ వెళ్ళి, పొడికళ్ళతో కూర్చున్న చెల్లెలి పక్కన చేరారు. పాపం, దుఃఖం దిగమింగుకుంటోంది అన్నారు. ఆ మాట అక్క గుండెలో ముల్లులా దిగి, అక్కడే చీము పట్టింది.

ఇవాళ నాటకం అయ్యాక చెల్లెలికి సన్మానం. మొహానికి సగం రంగుతో ఆమె లోపలికొచ్చి, పట్టీ అందుకుని చూసింది.

"అక్షరాలు ఇంకాస్త పెద్దగా కుట్టాల్సిందక్కా. వెనక వరుసకి కనపడొద్దూ?"

"రాణిగారికి బోర్డులెందుకే? నడిచొస్తే చాలదూ?"

చెల్లెలు నవ్వి, మెడ వెనక హుక్కు పెట్టమని వంగింది. హుక్కు పెడుతూ అక్క, పొద్దుటి నుంచి నాలుక కింద నానుతున్న మాట బయటపెట్టింది.

"ఇవాళ మైకులో నా మాట ఒక్కసారి ఎత్తవే."

"ఏమని?"

"ఆ ఏడుపు నాదని."

అద్దంలో చెల్లెలి కళ్ళు ఒక్క క్షణం ఆమె మీద ఆగాయి. "పిచ్చక్కా, చెప్తే ఇంక నాటకమేముంది? అయినా నీదేంటి, నాదేంటి."

నీదేంటి నాదేంటి అనగలిగేది ఎప్పుడూ ఉన్నవాళ్ళే అనుకుంది అక్క. పట్టీ వెనక్కి తీసుకుని 'రాణి' కూడా కుట్టేసింది.

హాలు నిండింది. జైలు అయింది, కూతురొచ్చింది, రొట్టెముక్క చేతులు మారింది. గుడ్డ కదిలింది. చెల్లెలి వీపు వచ్చి ఆనింది, వెన్నుపూసలు తెలిసేంత దగ్గరగా. ఎప్పుడూ ఆ స్పర్శ తగలగానే అక్క కడుపులోంచి ఏడుపు దానంతటదే లేచేది. ఇవాళా లేచింది. అక్క పళ్ళు బిగించింది.

వాళ్ళు ఒక్కసారి నవ్వాలి. ఆ మొదటిరోజు నవ్వినట్టు నవ్వాలి. ఈ మెడా, ఈ మొహమూ ఒట్టి బొమ్మేనని అందరికీ తెలియాలి.

భుజాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. వీపు గుడ్డని గట్టిగా నొక్కింది. "అక్కా," అంది చెల్లెలు, పెదవులు కదపకుండా. "అక్కా." రెండోసారి ఆ గొంతులో భయం ఉంది, దెబ్బలు తింటున్నప్పుడు కూడా లేని భయం. అక్కకు అది తియ్యగా తగిలింది.

భుజాలు ఆగిపోయాయి. నవ్వు కోసం అక్క చెవులు రిక్కించింది. ఎవరో ముక్కు ఎగపీల్చారు. తర్వాత ఇంకెవరో. ఆపైన హాలంతటా, ఏ ప్రదర్శనలోనూ లేనంత మెల్లగా ఏడుపు పాకింది. గుడ్డ మళ్ళీ కదిలింది. ఈసారి అది నటన కాదు. ఆ వీపు ఒక లయా పాడూ లేకుండా వణుకుతోంది. చప్పుడు చెయ్యకుండా ఏడవడమని ఒకటుంటుందని అక్కకెప్పుడూ తట్టలేదు.

తెర పడింది. సమాజం పెద్దాయన తలుపు వెనక్కి తొంగిచూసి, చప్పుడు లేని ఏడుపనే ఈ ఆలోచన ఎవరిదోగానీ బ్రహ్మాండమన్నాడు, ఇకనుంచి ఇలాగే ఉంచుదామన్నాడు. "మీకూ కాస్త విశ్రాంతి దొరుకుతుందండీ," అన్నాడు, మంచి మనసుతోనే.

అవతల చెల్లెలికి పట్టీ వేశారు. మైకులో చెల్లెలి గొంతు బొంగురుగా వినిపించింది.

"మా అక్క ఆ తలుపు వెనక ఉంటుంది. ఇవాళ నన్ను ఏడవనిచ్చింది."

అర్థం కాకపోయినా హాలు చప్పట్లు కొట్టింది. అక్క ఆ మాటలో ఎత్తిపొడుపు కోసం వెతికింది. దొరకలేదు. దొరికుంటే తేలిగ్గా ఉండేది. చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఏడుపంతా తనే ఏడ్చేస్తే చెల్లెలికి చోటెక్కడ మిగిలిందనిపించింది ఒక్క క్షణం. ఆ వెంటనే, చివరికి ఈ ఏడుపు కూడా దానిదే అయిపోయింది అనిపించింది.

చప్పట్లు ఆగకముందే సంచి తీసుకుని వెనక గుమ్మంలోంచి వీధిలోకి దిగింది. ఇంకా ఎండగానే ఉంది.

మళ్ళీ ఆదివారం ఆమె రాలేదు. ఆపైన కూడా రాలేదు. చెల్లెలు ఇంటికి వెళ్ళి అడిగితే, చూపు ఆనడం లేదే, ఇంకెవరినైనా చూసుకోండి అని మిషను తొక్కుతూనే చెప్పింది.

కొత్త నాటకానికి పెయింటరు ఆ తలుపుకి ముందువైపు ఆకుపచ్చ రంగేశాడు. వెనకవైపు ఎవరూ ముట్టుకోలేదు. కూర్చున్న మనిషి నోటి ఎత్తున, ఏళ్ళ తరబడి ఊపిరి తగిలి బిరుసెక్కిన గుడ్డ మీద, అరచేతి వెడల్పున పాలిపోయిన మరక ఒకటి అలాగే ఉంది.