ఆపకూడని లెక్క

పొద్దున్నే మెత్తటి బ్రష్షుతో ఆ నాలుగు కంప్యూటర్ మెషీన్ల మీది ఎర్రదుమ్ము దులపడం ఆరేళ్లుగా నా పని. ఆస్ట్రేలియా ఎడారి అంచున ఉన్న మా గనుల ఊరు బ్రోకెన్ హిల్‌లో గాలి లేచిందంటే తలుపులు మూసినా రొట్టెలో ఇసుక కరకరలాడుతుంది. దులుపుతుంటే చెయ్యి ఎక్కడ స్విచ్చుకు తగులుతుందోనని నాకు ఒకటే దడ. "ఒక్క క్షణం ఆగినా మొదటికొస్తుంది నోరీన్. ముప్పై నాలుగు రోజుల లెక్క మట్టిపాలు," అని నా మొగుడు క్లైవ్ మొదట్లోనే చెప్పాడు.

నా చదువు పదితో ఆగింది. అయినా వినీ వినీ వచ్చింది. ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ భాగించలేని సంఖ్య కోసం వెతుకుతున్నాడు. దానికి రెండున్నర కోట్ల అంకెలట. నాలుగుతో మొదలుపెట్టి, దాన్ని దానితోనే గుణించి, రెండు తీసేసి, ఆ పెద్ద సంఖ్యతో భాగించగా మిగిలినదాన్ని మళ్లీ అలాగే చెయ్యాలి. ఎనిమిది కోట్ల సార్లు. ఆఖరున సున్నా మిగిలితే గెలిచినట్టు. అంత చాకిరీకి సున్నా మిగిలితే గెలుపనుకోవాలని నాకు ఈ ఇంట్లోనే తెలిసింది.

ఇంట్లో ఉన్న ఒక్క ఏసీ ఆ మెషీన్ల గదికే. మా అమ్మాయి టెగన్‌కు పదేళ్లు, ఉబ్బసం. మెషీన్లు ఆపి పిల్లను అక్కడ పడుకోబెడదామంటే, "పాలు పొంగినా నీకు ప్రళయమే," అంటాడు. మా అత్తగారైతే, "తాగడు, పేకాడడు, చెయ్యి చేసుకోడు. లెక్కలు చేసుకునే మొగుడి మీద కూడా ఏడుపేనా అమ్మాయ్?" అంటుంది. నిజమే కాబోలనుకుని పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ వచ్చాను.

ఇక్కడ జనవరి అంటే నడివేసవి. నలభై ఆరు డిగ్రీల మధ్యాహ్నం, దుమ్ముగాలి. క్లైవ్ గనిలో ఉన్నాడు. ఇన్‌హేలర్ ఎన్నిసార్లు పీల్చినా టెగన్ పెదవులు పాలిపోయాయి. అంబులెన్సుకు ఫోన్ చేసి, పిల్లను ఎత్తుకుని ఆ గదిలోకి పరుగెత్తాను. మెషీన్లు సెగలు కక్కుతున్నాయి. అది ముప్పై ఒకటో రోజు. నాలుగు స్విచ్చులూ ఆపేశాను.

అంబులెన్సులో వచ్చినావిడ మాస్కు పెట్టి, పిల్ల ఊపిరి కుదుటపడేదాకా కూర్చుంది. "చల్లటి చోట పెట్టి మంచి పని చేశారమ్మా," అంది. నాకు ఏడుపొచ్చింది. అది పిల్ల బతికినందుకు కాదు, క్లైవ్‌కు ఏం చెప్పాలోనని. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆవిడ వెళ్లాక మళ్లీ స్విచ్చులు వేశాను.

"టెగన్, తెర మీద ఏముందో కాస్త చదివి పెట్టవే. మొదటికొచ్చిందా?"

"లేదమ్మా. ఆపిన చోటు నుంచే నడుస్తోంది. పది నిమిషాలకోసారి లెక్కను అదే దాచుకుంటుంది."

"నీకెలా తెలుసు?"

పిల్ల తల దించుకుంది. "నాన్న చెప్పాడు. నీకు చెప్పొద్దన్నాడు. చెబితే ఊరికే ఆపేస్తావట."

ఊపిరందక నా భుజం పట్టుకున్నప్పుడు కూడా నా బిడ్డ ఆ మాట దాచుకునే ఉంది.

నాలుగూ మళ్లీ ఆపేశాను. టెగన్ మంచం ఆ గదిలోకి లాక్కొచ్చాను. సాయంత్రం క్లైవ్ గుమ్మంలో నిలబడి, మంచం మీది పిల్లను దాటి చీకటి తెరల వైపే చూశాడు.

"ఎంత పని చేశావు నోరీన్? ముప్పై ఒక్క రోజులు. అంతా మొదటికొచ్చింది."

టెగన్ నా వైపు చూసింది. పదమూడేళ్ల కాపురంలో అతను నాకు చెప్పిన ఒక్కో మాటనూ ఇక నేనే సరిచూసుకోవాలి.