గంజాయి కొట్టు ఎవరి పేరున

ఊరి హాలు వంటగదిలో బీన్స్ గిన్నెకు అంటుకోకుండా ఓడిల్ అడుగు నుంచి కలుపుతోంది. అమెరికాలోని మేన్ రాష్ట్రంలో ఉత్తరపు కొసన ఉన్న ఆ చిన్న ఊళ్లో ఏటా మార్చిలో ఊరి సభ జరుగుతుంది. వచ్చినవాళ్లందరికీ భోజనం వండేది ఆడవాళ్లే. ఓటు అందరికీ ఉంది, కానీ గరిట పట్టుకున్నవాళ్లకు ఎత్తడానికి చెయ్యి ఖాళీగా ఉండాలి కదా.

ఈసారి సభలో తేల్చాల్సింది గంజాయి కొట్టు సంగతి. ఇరవై ఒకటి దాటినవాళ్లెవరైనా కొనుక్కోవచ్చని రాష్ట్రం చట్టం చేసింది గానీ, కొట్టు తెరవాలంటే ఊరు ఒప్పుకోవాలి. హాల్లోంచి వంటగది కిటికీ గుండా మొగుడు రోలాండ్ గొంతు వినిపిస్తోంది. "నా తోట," అంటున్నాడు. "నా మొక్కలు. నా ఎనిమిదేళ్ల కష్టం."

ఓడిల్‌కు ఒళ్లు మండింది. ఎనిమిదేళ్ల కిందట రోగులకు మందుగా మాత్రమే అనుమతి ఉండేది. పెంచేవాళ్లు తమ పేరు నమోదు చేయించుకుని కార్డు తీసుకోవాలి. అప్పుడు రోలాండ్ లారీ తోలేవాడు. "నా పేరు ఎక్కిందంటే ఉద్యోగం ఊడుతుంది. నీ పేరు పెట్టు. నీకేం పోయేదుంది?" అన్నాడు. నిజమే కాబోలనుకుని పెట్టింది. పోలీసు బండి వీధి మలుపు తిరిగితే ఆగింది తన గుండే. కొమ్మలు నాటింది, బూజు తుడిచింది, మొగ్గలు కత్తిరించి కత్తిరించి వేళ్లు జిగురుకట్టేవి. కాన్సరుతో అన్నం ముట్టని ముసలి ఆర్మాన్‌కు ఎంత మందు ఇవ్వాలో తనకే తెలుసు. చర్చిలో అత్తగారు ముక్కు మూసుకుని, "కోడలు గంజాయి కంపు కొడుతోంది, అవతల కూర్చోమనండి," అనేది. ఇంటికొచ్చాక మాత్రం మోకాళ్లు చాపి, "ఆ మొక్కల నూనె కాస్త రుద్దవే తల్లీ," అనేది. రుద్దింది. అందుకు తనమీద తనకే కోపం.

నిన్న రోలాండ్ రాష్ట్రానికి పంపాల్సిన దరఖాస్తు తెచ్చాడు. యజమాని: రోలాండ్. సహాయకురాలు: ఓడిల్.

"కార్డు నాదిగా?" అంది.

"అప్పటి సంగతి వేరే. ఇప్పుడు పెద్దమనుషులతో వ్యవహారం. నీకు మాట్లాడ్డం చేతకాదు, సంతకం పెట్టవే."

పెట్టలేదు. కాగితాన్ని మడిచి యాప్రాన్ జేబులో పెట్టుకుంది.

హాల్లో బడి టీచరు ఐరీన్ లేచింది. "పిల్లల చేతికి చిక్కితే? బూజు పట్టిన సరుకు అమ్మితే? కాస్త చెప్పు, రోలాండ్."

రోలాండ్ గొంతు సవరించుకున్నాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. చివరికి వంటగది వైపు తిరిగి అరిచాడు. "ఓడిల్! ఇలా వచ్చి ఈమెకు చెప్పు."

ఓడిల్ పొయ్యి ఆర్పింది. యాప్రాన్‌తోనే హాల్లోకి నడిచింది. మాట్లాడేవాళ్లు ముందు పేరు చెప్పాలన్నది సభ నియమం. చెప్పింది. తాళం ఎక్కడ వేస్తుందో, బూజు పట్టిన పంటను ఎన్నిసార్లు కాల్చేసిందో తడుముకోకుండా చెప్పింది. ఐరీన్ తలూపి కూర్చుంది. రోలాండ్ నవ్వుతూ, "చూశారా, దీన్ని బాగా తయారు చేశాను," అన్నాడు. హాలంతా నవ్వింది.

ఓడిల్ నవ్వలేదు. జేబులోంచి కాగితం తీసి నాలుగు ముక్కలు చేసింది.

"ఊరు ఒప్పుకుంటే కొట్టు పెడతాను. నా పేరు మీద. ఒప్పుకోకపోతే నా రోగులకు నేను పెంచుకుంటాను. ఈయనకు పని కావాలంటే వచ్చి అడగొచ్చు."

రోలాండ్ మొహం ఎర్రబడింది. "ఇంటికి పద. అక్కడ మాట్లాడుకుందాం," అన్నాడు పళ్లబిగువున.

"ఇంట్లో మాట్లాడేది నువ్వొక్కడివేగా," అంది ఓడిల్. చర్చలన్నీ పుస్తకంలోకి ఎక్కించే ఊరి గుమస్తా బెర్నిస్ కలం ఎత్తి, ఎవరి మాట రాయాలో తెలియక ఇద్దరినీ చూస్తోంది.

"నాది రాయి, బెర్నిస్."