తాళం లేని ఫోను

రోజ గిన్నెలు తోముతుంటే ముందు గదిలోంచి మల్లీశ్వరి గొంతు వినిపించింది.

"రోజక్కా, నేను సిర్గాపూర్ మల్లీశ్వరిని. కాపర్-టీ వెట్టించుకున్న కాడికెళ్లి నడుం ఒకటే గుంజుతున్నది. మళ్ల రావాల్నా, దానంతట అదే తగ్గుతదా? ఇంట్ల ఎవ్వలకు తెల్వదక్కా. నువ్వు ఫోన్ చెయ్యకు. వీలు చూసుకొని నేనే చేస్త."

మల్లీశ్వరి ఆ ఇంట్లో లేదు. ఆమె గొంతు వస్తున్నది రోజ ఫోన్లోంచి. ఆ ఫోను రోజ భర్త ఇమ్మానుయేల్ చేతిలో ఉంది. సాయంత్రం ఆటో ఇంటి ముందు నిలిపి, కాళ్ళు కడుక్కొని, మంచం మీద వాలి రోజ ఫోన్లో వీడియోలు చూడడం అతనికి అలవాటు. తన ఫోను అద్దం పగిలి ఏడాదైంది. వచ్చిన మెసేజి ఏదైనా వేలు తగిలితే తెరుచుకుంటుంది. తెరుచుకున్నదాన్ని మూయాలని అతనికి ఎప్పుడూ అనిపించదు.

వంటింటి నుంచి ముందు గదికి పది అడుగులు. రోజ వెళ్ళి ఫోను తీసుకోవచ్చు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, అత్త ఆనందమ్మ అప్పటికే పళ్ళెం ముందర కూర్చుంది, కూతురు గ్లోరీ హోంవర్కు చూడమని రెండుసార్లు పిలిచింది. ఇప్పుడు పోయి ఫోను అందుకుంటే "ఏందే, గుంజుకుంటున్నవ్? ఏమున్నది గండ్ల?" అంటాడు. ఆ ఒక్క మాట రేపు పొద్దుటి దాకా సాగుతుంది. అతను విన్నా పట్టించుకోడులే, ఇలాంటివి రోజూ ఎన్నో వస్తాయి కదా అనుకొని, రోజ చేతిలోని గిన్నెను మళ్ళీ తోమింది. తర్వాత మూడు నెలలు ఆమెను నిద్రపోనీయనిది అదే. అతను విన్నందుకు కాదు, తను వింటూ కూడా గిన్నె తోమినందుకు.

బస్ డిపో వెనక డాక్టరమ్మ నడిపే చిన్న ప్రైవేటు దవాఖానలో రోజ పీఆర్వో. ఆ మాటకు అర్థమేమిటో అత్తకు ఇప్పటికీ తెలియదు. "మందిని దవాఖానకు తోల్కొచ్చే నౌకరి" అని చుట్టుపక్కలవాళ్ళకు చెబుతుంది. ఊళ్ళలో క్యాంపులు పెట్టించడం, ఫొటోలు తీసి గ్రూపుల్లో వేయడం, ఊరి ఆరెంపీ డాక్టర్లకు నమస్కారాలు పంపుతూ ఉండడం, వచ్చి వెళ్ళిన పేషెంట్లకు ఫోన్ చేసి ఎట్లున్నదని అడగడం రోజ పని. పాంప్లెట్ మీద దవాఖాన పేరు కింద ఆమె నంబరే ఉంటుంది. అందుకే ఆడవాళ్ళు డాక్టరమ్మకు చెప్పుకోలేనివన్నీ రోజకు చెబుతారు. తెల్లబట్ట గురించి, తప్పిన నెల గురించి, మొగుడు కొట్టిన చోట వాపు తగ్గడానికి ఏ మందు రాసుకోవాలో దాని గురించి. అవన్నీ ఆ ఫోన్లో ఉంటాయి, తాళం లేకుండా.

తాళం మొదట్లో ఉండేది. పెళ్ళయిన కొత్తలో రోజ పెట్టుకుంది. ఒకరోజు ఇమ్మానుయేల్ ఫోన్ తెరవబోతే తెరుచుకోలేదు. "ఎవ్వలతోని మాట్లాడుతున్నవని తాళమేసినవ్?" అన్నాడు, అందరూ వినేటట్టు. ఆనందమ్మ తినడం ఆపి కోడలి మొహంలోకి చూసింది. రోజ ఆ క్షణంలోనే తాళం తీసేసింది. తీసేసి, అసలు పెట్టినందుకు సిగ్గుపడింది కూడా.

మల్లీశ్వరి మెసేజి వచ్చిన తొమ్మిదో రోజు, ఆమె మొగుడు వీరేశ్, అత్త ఇద్దరూ ఆమెను మధ్యన నడిపించుకుంటూ దవాఖానకు తీసుకొచ్చారు. ఇద్దరు ఆడపిల్లల తల్లి అయినా ఆమెకు ఇరవై మూడేళ్ళే. ఆ రోజు ఆమె పెదవి ఒకవైపు ఉబ్బి ఉంది.

"ఎవ్వలని అడిగి వెట్టిన్రు?" వీరేశ్ కౌంటర్ మీద చెయ్యి చరిచాడు. "మగపిల్లగాడు పుట్టాలని మా అమ్మ బోరంచ పోచమ్మకు మొక్కుతుంటే, గీమె లోపల తాళమేసుకొని కూసున్నది! నాకంటె ముందుగాల ఆటో అడ్డ మీద తెల్సింది నా ఇంటి ముచ్చట. అందరు నవ్వుతుండ్రు."

డాక్టరమ్మ అతన్ని బయటికి పంపించి, మల్లీశ్వరిని ఒంటరిగా అడిగింది, నిజంగా తీయించుకోవాలని ఉందా అని. మల్లీశ్వరి తల ఊపింది. "తియ్యకుంటే ఇంట్లకు రానియ్యరు మేడం" అంది. ఆ మాట తర్వాత అడగడానికి ఇంకేం మిగల్లేదు. పక్కన నిలబడి చేయి పట్టుకోవలసింది నర్సు రిబ్కమ్మ. కానీ మల్లీశ్వరి ఆమె చేయి విదిలించుకొని రోజ వేళ్ళు పట్టుకుంది. గట్టిగా. తీసేంతసేపూ వదల్లేదు.

మల్లీశ్వరి రిబ్కమ్మ చేయి ఎందుకు విదిలించుకుందో ఆ తర్వాత తెలిసింది. మొదట కాపర్-టీ వేసిన రోజు గదిలో డాక్టరమ్మ కాకుండా ఉన్నది రిబ్కమ్మ ఒక్కతే. రిబ్కమ్మ చెల్లెలిని ఇచ్చింది సిర్గాపూర్‌కే. అందరి లెక్కా అక్కడే ఆగింది.

"నేను గట్ల చెప్పేదాన్నా మేడం? పన్నెండేండ్ల సంది చేస్తున్న," అని రిబ్కమ్మ ఏడ్చింది. తర్వాత రోజ వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పరాదు రోజా. నేను గసుంటిదాన్నా?"

ఇమ్మానుయేల్ ఆటో నిలిపేదీ, వీరేశ్ వచ్చి కూర్చునేదీ ఒకే అడ్డ మీద. ఆటో అడ్డ అన్న మాట వీరేశ్ నోట్లోంచి వచ్చినప్పుడే రోజకు అంతా అర్థమైపోయింది. నాలుక మీద మాట సిద్ధంగా ఉంది. ఇక్కడ చెబితే తన పని పోతుంది. ఇంటికి పోతే, మొగుని పేరు బజారుకీడ్చిందని అంటారు.

"నాకేం ఎరుకక్కా," అంది.

మరునాటి నుంచి రిబ్కమ్మ పనికి రాలేదు.

ఆ సాయంత్రం రోజ ఇమ్మానుయేల్‌ను అడిగింది. "మల్లీశ్వరి ముచ్చట అడ్డ మీద నువ్వు చెప్పినవా?"

"నవ్వులాటకు అన్న," అన్నాడు అతను, చెమట తుడుచుకుంటూ. "వీరేశ్ మొక్కుల ముచ్చట చెప్తుంటే నవ్వాగలే. అయినా మొగునికి తెల్వకుంట గసుంటి పని చేసుడు మంచిగుంటదా? నువ్వెందుకు పరేషాన్ అయితున్నవ్? నీకేమన్న అయ్యిందా?"

అతను చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చుంటాడు. చేసింది తప్పు అని అతనికి నిజంగానే తెలియదు. ఆ తెలియకపోవడాన్ని చూసి రోజకు మొదటిసారి భయమేసింది.

తప్పు చేశానన్న బాధ రోజకు కొత్త కాదు. పదిహేనేళ్ళుగా అదే తింటూ వచ్చింది. క్యాంపు నుంచి ఆలస్యంగా వస్తే తప్పు. అత్తకు చల్లారిన రొట్టె పెడితే తప్పు. గ్లోరీకి జ్వరమొచ్చిన రోజు డ్యూటీకి పోతే తప్పు, పోకపోతే డాక్టరమ్మ దగ్గర తప్పు. అన్నం తినేటప్పుడు పేషెంటు ఫోన్ ఎత్తితే అది కూడా తప్పే. వీటన్నిటికీ ఆమె మనసులో మోకాళ్ళ మీద పడుతూనే ఉంది. అంత అలవాటైపోయి, అసలైన తప్పు వచ్చి ముందు నిలబడినప్పుడు కూడా దాన్ని ఆ గుంపులోనే కలిపేసింది. నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల రొట్టె అందుకోవడానికి చేయి చాచినప్పుడు గానీ తేడా తెలియలేదు. చల్లారిన రొట్టె వల్ల ఎవరి పెదవీ వాయలేదు. రిబ్కమ్మ ఆ రోజు రెండు వరుసల వెనక కూర్చుంది. రోజ వెనక్కి తిరగలేదు.

ఆగస్టులో జ్వరాల క్యాంపు ఫొటోలు గ్రూపులో మసకగా పడ్డాయి. డాక్టరమ్మకు కోపం వచ్చింది. "ఆ డబ్బా పారెయ్యి రోజా. మంచి కెమెరా ఉన్న ఫోన్ తీసుకో, బిల్లు దవాఖాన కట్టుద్ది. పీఆర్వో చేతిలో ఫోనే కదా మన మొహం," అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అందరూ ఫోను ఎంచారు. ఇమ్మానుయేల్‌కు పెద్ద తెర కావాలి, బ్యాటరీ రెండు రోజులు ఆగాలి. ఆనందమ్మకు ప్రసంగాలు గట్టిగా వినబడాలి. గ్లోరీకి తన క్లాసులో ఎవరి దగ్గరా లేని రంగు కావాలి. ఎవరూ రోజను అడగలేదు. నిన్నటి దాకా ఆమెకూ అది వింతగా అనిపించేది కాదు.

శనివారం మధ్యాహ్నం మార్కెట్ దగ్గర సంగమేశ్ ఫోన్ల దుకాణానికి రోజ, ఇమ్మానుయేల్ ఇద్దరూ వెళ్ళారు. "రాండ్రి అక్కా, కూసోండ్రి," అని సంగమేశ్ నాలుగు పెట్టెలు తెరిచి అద్దం మీద పరిచాడు. మాట్లాడిందంతా ఇమ్మానుయేల్‌తోనే. ఇది గేములకు మంచిది, ఇది పాటలకు మంచిది. ఇమ్మానుయేల్ ఒక్కొక్కటీ చేతిలో తూచి చూశాడు.

"ఫొటోలు ఎండల మంచిగ రావాలె," అంది రోజ. "ఊళ్ళల్ల సిగ్నల్ తగ్గిన కాడ మాట ఇనపడాలె. వాట్సాప్‌కు వేరే తాళం పడాలె. గవి ఏదాంట్ల ఉన్నయ్?"

సంగమేశ్ మొదటిసారి ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు. నాలుగింటిలో అన్నిటికంటే చిన్నదాన్ని ముందుకు జరిపాడు. ఇమ్మానుయేల్ మొహం చిట్లించాడు గానీ, దవాఖాన పని కదా అని ఊరుకున్నాడు. సిమ్ వేశాక సంగమేశ్ అన్నాడు, "వేలు వెట్టు అక్కా, లాక్ సెట్ చేద్దాం."

రోజ బొటనవేలు పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. ఫోను ఆమెను గుర్తుపట్టింది.

"నాది గూడ ఎక్కియ్యి," అని ఇమ్మానుయేల్ వేలు చాచాడు.

"వద్దు," అంది రోజ.

సంగమేశ్ చేతిలో ఫోను అలాగే ఆగిపోయింది. ఇమ్మానుయేల్ నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి అతని నవ్వు సగంలో పోయింది.

"ఏందే? మొగని కాడ ఏం దాస్తున్నవ్?"

"నాయి గాదు. నన్ను నమ్మి చెప్పుకున్నోళ్ళయి."

"నలుగురిల ఇజ్జత్ తీస్తున్నవ్."

"మల్లీశ్వరి ఇజ్జత్ అడ్డ మీద తీసినప్పుడు నలుగురు లేరా?"

అతను మెట్లు దిగిపోయాడు. ఆటో స్టార్టయిన చప్పుడు వినిపించింది. రోజ సంతకం పెట్టి, బిల్లు తీసుకొని, దవాఖానకు నడిచింది.

రోజ చెప్పిందంతా డాక్టరమ్మ విన్నది. పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చుంది. "మూడు నెలలా రోజా?" అంది చివరికి. తిట్టి ఉంటే బాగుండేది. "నిన్ను ఉంచుకోవాలో లేదో నాకు తెలవడం లేదు. ముందు రిబ్కమ్మను పిలువు."

రిబ్కమ్మ వాకిట్లో కూర్చొని పెసళ్ళు చెరుగుతోంది. రోజ నిలబడే చెప్పింది. రిబ్కమ్మ చేట ఆపకుండానే విన్నది.

"నీ మొగుడు నోరు జారిండు. నువ్వు నోరు మూసుకున్నవ్. నాకు నీదే ఎక్కువ నొప్పయింది," అంది.

సోమవారం నుంచి ఆమె పనికి వచ్చింది. రోజను కూడా డాక్టరమ్మ తీసేయలేదు. కానీ ఇంతకుముందులా రిబ్కమ్మ తన టిఫిన్ డబ్బా రోజ ముందు తెరవడం లేదు. ఇంట్లో ఇమ్మానుయేల్ కూడా మాట్లాడడం లేదు. అత్త మాట్లాడుతోంది గానీ, ఆ మాటలన్నీ గోడకు చెబుతోంది. రోజ వంట చేస్తోంది, పెడుతోంది. ఫోను మాత్రం తన కొంగుకు దగ్గరగా ఉంచుకుంటోంది.

మిగిలింది మల్లీశ్వరి. ఫోనులో చెప్పే మాట కాదది. గురువారం సెలవు పెట్టి రోజ బస్సెక్కి సిర్గాపూర్ వెళ్ళింది. మల్లీశ్వరి కంది చేన్లో కలుపు తీస్తోంది. ఆమె అత్త చేను అవతలి చివర వంగి ఉంది. రోజ పక్క సాలులో కూర్చొని, తనూ గడ్డి పీకుతూ, తలెత్తకుండా చెప్పింది. మెసేజి ఎవరు విన్నారో, ఎవరికి చెప్పారో, తను వంటింట్లోంచి వింటూ ఎందుకు లేవలేదో, రిబ్కమ్మ మీద నింద పడుతుంటే ఎందుకు నోరు తెరవలేదో. కారణాలన్నీ చెప్పాక అవి ఎంత చిన్నవో తనకే వినిపించింది.

మల్లీశ్వరి కలుపు తీయడం ఆపలేదు. "నాకిప్పుడు మూడో నెల," అంది.

రోజ అప్పుడు తలెత్తి ఆమె కడుపు వైపు చూసింది.

"ఆకలి చచ్చిపోయింది. బువ్వ మీద మనసు పోతలేదు. పిల్లలిద్దరిని ఎత్తుకోనీకి చాతనైతలేదు." సాలు సగం దాటాక అడిగింది, "ఇప్పుడు గా నంబరుకు ఫోన్ చేస్తే ఎవ్వలెత్తుతరు?"

"నేనే."

"నీ మొగుడు ఇంట్ల ఉంటే?"

"నేనే ఎత్తుత. మెసేజి వెట్టినా నేనే వింట. ఇంకొకల వేలుకు అది తెర్సుకోదు."

మల్లీశ్వరి అత్త ఉన్న వైపు ఒకసారి చూసింది. మళ్ళీ వంగి, గడ్డిపోచ వేళ్ళతో సహా లాగి, మన్ను దులిపింది.

"అయితే ఇను. ఈ కాన్పు కాంగనే ఆపరేషన్ చేయించుకుంట. ఆడపిల్లయినా సరే, మగపిల్లగాడైనా సరే. డాక్టరమ్మకు ఇప్పటి సందే చెప్పి వెట్టు." గొంతు ఇంకా తగ్గించింది. "నిన్ను మాఫ్ చేసిననని అనుకోకు రోజక్కా. చెప్పుకుందామంటే నా కాడ ఇంకో నంబరు లేదు."