దారిలో ఉన్నవాళ్ళ కుండ

మా వీధిలో ఆవిడని అందరం పిడికిలమ్మ అనేవాళ్ళం. పిండి కలిపే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వెయ్యడం మా వాళ్ళందరి ఆచారమే. అది దారిలో ఉన్నవాళ్ళ వాటా. చెరపట్టి తెచ్చిన మమ్మల్ని ఈ ఇటుకల బట్టీ దగ్గర దింపిన రోజున, మాకంటే ముందు వచ్చినవాళ్ళు ఆ వాటాతోనే మా ప్రాణాలు నిలబెట్టారు. మా తరవాత వచ్చే గుంపు కోసం మేమూ వేస్తూ వచ్చాం. అయితే దాన్ని ఆవిడలా ఉడుంపట్టు పట్టినవాళ్ళు వీధిలో ఇంకెవరూ లేరు.

ఆవిడ గదికీ మా గదికీ మధ్య ఒకటే గోడ. గదిలో ఆవిడ, కోడలు, మనవరాలు చిట్టి. కోడలూ నేనూ ఒకే గుంటలో మట్టి తొక్కేవాళ్ళం. మా పట్నం గోడ కూలిన రోజు ఆవిడ కొడుకు ఆ గోడ దగ్గరే ఉండిపోయాడు. వెనక వచ్చే గుంపులో వస్తాడని తల్లి నమ్మకం. ఆ మాట మేమెవరం కాదనలేదు. ఔననడానికీ నోరు రాలేదు.

కుండ మూతకి నీలం గుడ్డ కట్టి ఉంచేది. ఊళ్ళో ఉన్నప్పుడూ అంతేనట. ఇల్లు వదిలి రమ్మన్నప్పుడు జనం వెండీ బంగారం మూట కట్టుకుంటే, ఈవిడ ఆ గుడ్డపీలిక కొంగుకి కట్టుకుని వచ్చింది.

ఆ ఏడు అకాలంగా వానపడి, ఆరబెట్టిన పచ్చి ఇటుకలన్నీ కరిగిపోయాయి. వాన మేం కురిపించినట్టు మేస్త్రీ మా పిండి కొలతలో సగం కోశాడు. పనిచేసేవాళ్ళకి అరసోల, పిల్లలకీ ముసలివాళ్ళకీ గిద్దెడు. వీధిలో కుండలన్నీ ఒక్కొక్కటే ఖాళీ అయి బోర్లబడ్డాయి. మాదీ అంతే. నీలం గుడ్డ కట్టిన కుండ ఒక్కటే నిలబడి ఉంది.

చిట్టి కాళ్ళు పుల్లల్లా అయిపోయాయి, పొట్ట ముందుకొచ్చింది. రెండడుగులు నడిస్తే కూలబడేది. ఆ గుంటలో మట్టి తొక్కుతూ కోడలు నాతో ఆ కుండ మాట తప్ప ఇంకో మాట మాట్లాడేది కాదు. ఆ పిండి పడితే పిల్ల బతుకుతుంది, లేకపోతే లేదు. ఎవరికైనా తెలిసే విషయమే. చివరికొక రోజు పని నుంచి వచ్చి కాళ్ళ మట్టి కూడా కడుక్కోకుండా అత్తని నిలదీసింది.

"అడవిలో మన తాతలు దేవుడు పైనుంచి కురిపించిన మన్నాని రేపటికి దాచుకుంటే పురుగు పట్టిందని మీరే చెప్పారు కదా అత్తయ్యా. మరి మీరు దాస్తున్నదేంటి?"

"అది వాళ్ళకోసం వాళ్ళు దాచుకున్నారమ్మాయ్. ఇది మనది కాదు."

"మరి నా కూతురు ఎవరిది?"

ముసలావిడ కుండ మూత మీది గుడ్డ ముడి బిగించింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

తన వాటాలోంచి, పిల్ల వాటాలోంచి ఇక ఒక్క రేణువు కూడా ఆ కుండలో పడదని కోడలు తేల్చేసింది. అలాగేనంది అత్త. అంత చిన్న గదిలోనే ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి వేరు కుంపట్లు వెలిశాయి. కుండ మాత్రం ఆవిడ మూలకే చేరింది. దాన్ని ముట్టుకోవాలంటే తన్ని చంపి ముట్టుకోవాలన్నట్టు దానికి ఆనుకునే పడుకునేది.

చిట్టిని మాత్రం ఒళ్ళో కూచోబెట్టుకుని కథలు చెప్పేది. దాక్కున్న ప్రవక్తకి కాకులు రొట్టె తెచ్చిచ్చిన కథ పిల్లకి చాలా ఇష్టం. ఇక్కడి కాకులు మన చేతిలోదే ఎత్తుకుపోతున్నాయి, దేవుడు వాటికి కబురు పెట్టడం మరిచిపోయాడేమో అన్నాన్నేను. ఆవిడ నవ్వింది. ఒక్క పన్ను ఉండేది, దాంతోనే నవ్వేది.

ఆవిడ కుంపట్లోంచి రోజూ పొగ వచ్చేది. పైన మూకుడు, దాని మీద మూత. తెల్లవారుజామున కుండ మూత తీసిన చప్పుడు మాత్రం గోడకివతల నాకూ వినిపించేది. కంచే చేను మేస్తోందక్కా, పిల్ల నోరు కొట్టి కుండలోది తనే మింగుతోంది అంది కోడలు. నేనూ నమ్మాను. మనవరాలికంటే దారిన పోయేవాళ్ళు ఎక్కువయ్యారా అని అంతకుముందే నా ఒళ్ళు మండుతోంది. ఆ తరవాత ఆవిడ పిలిచినా పలకడం మానేశాను.

ఒక ఉదయం ఆవిడ లేవలేదు. ఒళ్ళు కడగడానికి నన్ను పిలిచారు. జబ్బ పట్టుకుని పైకెత్తితే చిట్టిని ఎత్తినంత బరువు కూడా లేదు. పక్కటెముకల మధ్య నా వేళ్ళు దిగబడ్డాయి. దొంగతనంగా తిన్న మనిషి ఒళ్ళు అలా ఉండదు. కోడలూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మట్టి చేసి వచ్చాక కోడలు ఆ మూల కుంపటి మీద మూకుడు దించింది. అందులో నీళ్ళున్నాయి. అడుగున పిండి మరక కూడా లేదు. పొగ మాకు కనపడటానికి ఇన్నాళ్ళూ ఉత్త నీళ్ళు కాచుకుందావిడ. కోడలు గబగబా కుండ మూత మీది గుడ్డ ముడి విప్పింది. పిండి అంచుదాకా ఉంది. రోజూ వచ్చే గిద్దెడూ పూర్తిగా అందులోనే పోసి, పైనుంచి నొక్కింది. ఆవిడ వేళ్ళ గుర్తులు ఇంకా పిండి మీదే ఉన్నాయి.

"ఈ ముసల్దాన్ని ఏమనాలక్కా?" అని కోడలు నేల మీద చతికిలబడి ఏడ్చింది. తరవాత లేచి కళ్ళు తుడుచుకుంది. ఇక ఇది చిట్టిది, దేవుడొచ్చి అడిగినా ఇవ్వనంది. మంచిపని అన్నాను.

పిండి ఇంకా చేత్తో ముట్టుకోనేలేదు, వీధి చివర గొలుసుల చప్పుడైంది. గుంపు వచ్చింది. కోడలు పరుగున వెళ్ళి తలుపు గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది. చిట్టిని నా ఒళ్ళోకి తోసింది. బయట ఒక్కో తలుపూ తడుతున్నారు. బోర్లించిన కుండల వాళ్ళందరూ ఏం చెప్పగలరు? లేదు, లేదు అన్న మాట దగ్గరవుతూ వచ్చింది.

మా తలుపు తట్టినవాడి గొంతు ముసలిది. తను కుమ్మరినన్నాడు. నీలం గుడ్డ కట్టిన కుండ ఉన్న ఇల్లు ఇదేనా అని అడిగాడు.

"ఎవరు చెప్పారు?" అంది కోడలు, తలుపు తియ్యకుండానే.

"మాతో నడిచినతనమ్మా. తన రొట్టె రోజూ మా పిల్లలకి పంచేసేవాడు. బట్టీల దగ్గర మా అమ్మ ఉంటుంది, ఆవిడుంటే కుండ ఉంటుంది, నాకు అక్కడ దొరుకుతుందిలే అనేవాడు."

"అతనేడి?"

చిట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నదికి అవతలే ఉండిపోయాడు తల్లీ. మేమే మట్టి వేశాం."

కోడలు ఏడవలేదు. గడియ మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే నిలబడింది. తీస్తుందో లేదో నాకు చివరిదాకా తెలియలేదు. తీసింది. కుమ్మరి వెనక ఐదారుగురు పెద్దవాళ్ళు, వాళ్ళ కొంగుల చాటున చిట్టిలాంటి కాళ్ళతో పిల్లలు. వాళ్ళందరికీ, చిట్టికీ కలిపి లెక్క చూస్తే ఆ కుండ రెండు పూటలకి రాదు. మూడో రోజుకి ఏమిటన్నది దేవుడే చెప్పాలి. నాకు పిడికిలమ్మ మీద కోపం ఇప్పటికీ పోలేదు. ఆ దేవుడి మీదా పోలేదు.

కోడలు కుండలో మోచెయ్యిదాకా చెయ్యి పెట్టి పిండి తీసింది. నీళ్ళు పొయ్యబోయి ఆగి, ఒక పిడికెడు పక్కకి తీసి పెట్టింది. పిచ్చా నీకు అన్నాను. వెనక ఇంకో గుంపు నది దగ్గరుందట, ఆయన చెప్పాడుగా అంది. కుమ్మరి అలాంటిదేమీ చెప్పలేదు.

"అత్తయ్య కుంపటి కూడా వెలిగించక్కా" అంది.

వెలిగించాను. వేరు పడ్డాక ఆ కుంపటి మీద రొట్టె కాలడం అదే మొదలు.