బేస్ డబ్బా

స్పీకర్ల విషయంలో ఎవరూ నన్ను అడగనక్కర్లేదు, నేనే చెప్తాను: చిన్నవి కొనడం దండగ. మా రఘునాథపల్లిలో ఈ సంగతి మీద నాతో వాదించి గెలిచినవాడు లేడు. కానీ ఎనభై ఏడులో మా వదిన దీనమ్మ ముందు మాత్రం ఓడిపోయాను.

మా అన్న జయరాజు చర్చి క్వాయర్‌లో బేస్, అంటే అన్నిటికన్నా లోతైన గొంతు, పాడేవాడు. అందరి గొంతుల కింద ఆయన గొంతు ఉంటేనే పాట నిలబడేది. ఆ వానాకాలం ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. మిగిలింది రెండేళ్ల కిందటి క్రిస్మస్ పాటల క్యాసెట్ ఒక్కటే. ఇంట్లోని పాత టేప్ రికార్డర్ చిన్న స్పీకర్‌కు అంత లోతు అందదు; అందులో పెడితే ఆడవాళ్ల గొంతులు, పిల్లల గొంతులు తప్ప అన్న వినపడడు. వదిన రోజూ దానికి చెవి ఆనించి కూర్చునేది.

"మీ అన్న ఏడి, పౌలూ? గీ పాటల ఉన్నడు గద?"

చూడలేక వదినను, ఆ క్యాసెట్‌ను హనుమకొండకు తీసుకుపోయాను. అక్కడ రేడియోలు బాగుచేసే రాంచందర్ తన చేత్తో స్పీకర్లు కట్టి అమ్ముతాడు. ముందు రెండు చిన్న స్పీకర్లు తగిలించాడు. పాట తేటగా వచ్చింది. అన్న రాలేదు.

"గిట్ల కాదన్నా, బేస్ డబ్బా పెట్టు," అన్నాను.

బియ్యం డబ్బా అంత ఉన్నదాన్ని మధ్యలో పెట్టి వైరు కలిపాడు. అన్న వచ్చాడు! బల్ల మీది చాయ్ గ్లాసు అదిరింది. నాకు ఏడుపు ఆగలేదు, రాంచందర్ చూస్తున్నాడని సిగ్గు కూడా పడలేదు. వదిన డబ్బా మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది.

మూడో చరణంలో అన్న గొంతు ఆగిపోయింది. మిగతావాళ్లు పాడుతూనే ఉన్నారు. కాసేపటికి ఊపిరి అందుకుని మళ్లీ కలిశాడు. వదిన చెయ్యి తీసేసింది.

"చిన్నయే కట్టియ్యి అన్నా. ఇది వద్దు."

నాకు ఒళ్లు మండింది. "దీనికోసమే గద ఇంత దూరం వచ్చింది! గిదేం పద్ధతి వదినా?"

ఆమె చిన్నవాటికి డబ్బులిచ్చింది. బస్సులో స్పీకర్లు ఒళ్లో పెట్టుకుని, స్టేషన్ ఘన్‌పూర్ దాటాక చెప్పింది.

"మూడో చరణంల ఆయనకు దమ్ము అందలే. విన్నవా? గా క్రిస్మస్‌కే రోగమున్నది. నేను ముందట కూసొని సంబురంగ పాడుకుంట ఉన్న. అందరి గొంతులల్ల నాకు తెలువనే లేదు. గప్పుడే దవాఖానకు తీస్కపోతే బతుకుతుండెనేమో."

"నీకెట్ల తెలుస్తది వదినా? మాకే తెలువలే," అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

ఇంటికొచ్చి చిన్న స్పీకర్లు బిగించాను. పాట మొదలైంది. వదిన కూడా మెల్లగా పాడింది. మూడో చరణంలో అన్న ఆగిన చోటే ఆగిపోయి, లేచి టేపు ఆపేసింది.

"వీటిల్ల అన్న వినబడడు గద వదినా," అన్నాను.

"నాకు వినబడుతాంది, పౌలూ," అంది.